బడినుండి బయటపడుట

ఆంగ్లభాష నేర్చువారికి ఆ భాషలోని పెద్దమాటల వలన కలుగు శ్రమ కొంచెమే. నిఘంటువు తెరచినచో అవి లొంగును. చిన్నమాటలే లొంగవు. గివ్ అనగా ఇచ్చుట యని రెండవ తరగతి బాలుడును చెప్పును. దానికి అప్ చేర్చినచో విడిచిపెట్టుట యనియు, ఇన్ చేర్చినచో లొంగిపోవుట యనియు, అవే చేర్చినచో దానమిచ్చుటయే గాక గుట్టు వెల్లడించుట కూడ ననియు చెప్పవలసి వచ్చునప్పటికి బాలుడు ఉపాధ్యాయుని ముఖమువంక నొకవిధముగా చూచును. ఇదంతయు సారు ఇప్పటికిప్పుడు కల్పించి చెప్పుచున్నాడా యని ఆ చూపున కర్థము. ఇరువదేండ్లుగా ఆంగ్లము చెప్పి బ్రదుకుచున్న నాకు ఆ చూపు బాగుగా పరిచయము.

నేను వికారాబాదులో కాపురముండి తాండూరు వైపున నొక యున్నత పాఠశాలకు రైలులో పోయి వచ్చువాడను. ఒకనాడు డిసెంబరు మాసమున తొమ్మిదవ తరగతిలో డ్రాప్ అను క్రియను నల్లబల్లమీద వ్రాసి, దాని ప్రక్కన ఇన్, ఆఫ్, అవుట్ అను మూడింటిని వ్రాసితిని. డ్రాప్ ఇన్ అనగా ముందుగా కబురుపెట్టక యొకరి యింటికి పోవుట. మన పల్లెలలో కబురుపెట్టి పోవు వారెవరును లేరు గనుక ఆ మాటతో మనకు పనిలేదంటిని. పిల్లలు నవ్విరి. డ్రాప్ ఆఫ్ అనగా కునుకుపట్టుట. మధ్యాహ్న భోజనమైన పిదప వెనుక వరుసలో దినదినము జరుగునదే యంటిని. మరల నవ్విరి. నవ్వించిన యుత్సాహమున మూడవదాని యర్థమును నేను చెప్పక, "మాటను విడదీసి మీరే యూహించి యొక వాక్యము వ్రాయుడు; దాని క్రింద తెలుగు వ్రాయుడు" అంటిని. ఈ పద్ధతి తప్పని నాకు తెలియును. విడదీసినచో అర్థము చెడుటయే ఈ పదముల స్వభావమని అంతకు ముందుదినమే చెప్పియుంటిని.

మూడవ వరుసలోని బాలు డొకడు ఇట్లు వ్రాసెను: మై సిస్టర్ డ్రాప్డ్ అవుట్ ఆఫ్ స్కూల్. దాని క్రింద: మా అక్క బడిలకెల్లి బయటపడ్డది.

నేను దానిని బిగ్గరగా చదివితిని. తరగతియంతయు గొల్లుమనెను. ఆంగ్లవాక్యమున దోషమేమియు లేదు. తెలుగున డ్రాప్ అనగా పడుట, అవుట్ అనగా బయట. రెండును కలిసిన బయటపడుట. కాని మన భాషలో బయటపడుట యనగా ఆపదనుండి గట్టెక్కుట. అప్పులనుండి బయటపడుదురు, విషజ్వరమునుండి బయటపడుదురు, వ్యాజ్యమునుండి, వరదనుండి బయటపడుదురు. ఈ బాలుని వాక్యమును బట్టి బడియు నట్టి విపత్తులలో నొకటియై, వాని యక్క పుణ్యవశమున దానిని తప్పించుకొన్నట్లయ్యెను. నేనును నవ్వితిని. వాడు మాత్రము నవ్వలేదు. పుస్తకము మూసికొని కూర్చుండెను.

గంట కొట్టిన పిదప వానిని పిలిచి మీ అక్క యెవరని యడిగితిని. పేరు చెప్పెను. ఆ పేరు నిక్కడ వ్రాయను. మూడేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతిలో నాయొద్దనే చదివిన బాలిక. ఆ సాయంకాలము పాత హాజరుపట్టీని తీయించి చూచితిని. ఆమె పేరున కెదురుగ దసరా సెలవుల తరువాత హాజరుగుర్తు లచ్చటచ్చటనే కలవు; సంక్రాంతి తరువాత నొక్కటియు లేదు; చివర ఎర్రసిరాతో డ్రాప్డ్ అవుట్ అని యున్నది. దస్తూరి నాది.

రాత్రి బండిలో ఇంటికి వచ్చుచు ఆ రెండు మాటలనే తలపోయుచుంటిని. చదువుకొన్నవానికి దుఃఖము కూడ మొదట వ్యాకరణముగనే తోచును కాబోలు!

ఈ జాతి పదములకు ఫ్రేజల్ వెర్బ్ అను పేరు ప్రాచీనమైనది కాదు. లోగన్ పియర్సాల్ స్మిత్ అను నతడు 1925లో ప్రకటించిన వర్డ్స్ అండ్ ఇడియమ్స్ అను గ్రంథమున దీనిని ప్రచారములోనికి తెచ్చి, ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకులలో నొకడగు హెన్రీ బ్రాడ్లీ తనకు సూచించిన పేరిది యని చెప్పెను. పదములు మాత్రము చాల పాతవి. 1755లో తన మహానిఘంటువును వెలువరించినపుడు డాక్టరు జాన్సన్ పీఠికలోనే, క్రియ వెనుక చిన్నమాటను తగిలించి యర్థమును మార్చు ఈ పద్ధతి పరదేశీయుల కన్నింటికంటె నెక్కువ క్లేశము కలిగించునని యొప్పుకొనెను. పరదేశీయుడనైన నాకు ఆ యొప్పుకోలు కొంత యోదార్పు.

సంస్కృతము చదివినవారి కిది వింత గాదు. హృ యను ధాతువు ఒక్కటే. ప్ర చేరిన ప్రహారము, ఆ చేరిన ఆహారము, సం చేరిన సంహారము, వి చేరిన విహారము, పరి చేరిన పరిహారము. కొట్టుటకును తినుటకును, చంపుటకును షికారుపోవుటకును ఏమి చుట్టరికము? ఉపసర్గములు ఇరువదిరెండు. విడిగా నున్నపుడు వానికి స్వంతముగ అర్థము కలదా లేదా యని శాకటాయనుడును గార్గ్యుడును వాదించుకొన్న సంగతి యాస్కుని నిరుక్తమున కలదు. లేదని శాకటాయనుడు, కలదని గార్గ్యుడు. ఆ వాదము తెగినదని నాకు తోచదు. ఇంకొక విశేషము కూడ కలదు. ఉపసర్గము ధాతువునకు ముందుండవలెనని విధించిన పాణినియే, వేదభాషలో నది ధాతువునకు వెనుక నుండవచ్చు ననియు, నడుమ వేరుమాటలు వచ్చి దూరముగ నుండవచ్చు ననియు చెప్పెను. మన మెన్నడో పోగొట్టుకొన్న ఆ స్వేచ్ఛను ఆంగ్లేయుల అవుట్ నేటికిని అనుభవించుచున్నది. టుక్ అవుట్ ద బుక్ అన్నను, టుక్ ద బుక్ అవుట్ అన్నను చెల్లును. పుస్తకమునకు బదులు సర్వనామము వచ్చెనా, అది తప్పక నడుమనే కూర్చుండవలెను. ఈ నియమమును పిల్లలు పరీక్షలో మరచుదురు గనుక నేను మూడుమార్లు చెప్పించుచుందును.

అయినను నన్ను బాధించినది అవుట్ కాదు, ఉపసర్గముల దౌర్జన్యమును గాదు. ఆ వాక్యమునకు కర్త యెవరు?

పండు రాలును. ఆకు రాలును. చిరుగుసంచినుండి నాణెము జారును. రాలినదానిని రాల్చినవా డుండవచ్చును, లేకపోవచ్చును. డ్రాప్ అవుట్ అను పదము దానిని విచారింపదు. డ్రాప్ ఒంటరిగ నున్నపుడు సకర్మకముగ కూడ నుండును. చేతిలోని పాత్రను జారవిడిచినవాడు వాక్యమున కనబడును. బడివిషయమున అవుట్ చేరి కూర్చున్న పిమ్మట వానికి చోటు లేదు. బిడ్డయే కర్త. బిడ్డ తానే రాలినది.

మన వ్యాకరణమున దీనికి కర్మకర్తరి ప్రయోగమని పేరు కలదు. వంటయింటి భాషలో చెప్పెదను. అన్నము వండునది గృహిణి, వండబడునది అన్నము. కాని పొయ్యి చక్కగ మండుచు, బియ్యము మంచివైనపుడు, అన్నము దానంతటదే యుడుకుచున్నదందుము. కర్మగా నుండవలసినది కర్తయై పీటమీద కూర్చుండును. ఇట్లెప్పుడు చెప్పవలెను? పని యెంత సులువుగ నగుచున్నదో తెలుపదలచినపుడు, చేయువాని పాటు చెప్ప నక్కరలేదని తలచినపుడు చెప్పవలెనని భట్టోజీ దీక్షితుల వివరణము. బండి వికారాబాదు చేరువరకు ఆ వివరణము నన్ను విడువలేదు. సులువు ఎవరికి? పిల్లకు గాదు. ఎర్రసిరాతో రెండు మాటలు వ్రాసి పట్టీ మూసిన నాకు ఆ పని మిక్కిలి సులువుగనే జరిగెను.

కర్తకు లక్షణము చెప్పుచు పాణిని స్వాతంత్ర్యము నొక్కదానినే చెప్పెను. ఆ క్రియయందు స్వతంత్రుడైనవాడే కర్త. 1972లో అమెరికాదేశమున స్టీవ్ జాబ్స్ అను యువకుడు రీడ్ కళాశాలను విడిచెను. అతనిని డ్రాపౌట్ అందురు. ఆ మాట వ్రాయునపుడు మన పత్రికలవారి కలమున కొంత భక్తి కూడ కనబడును. అంతకు ముందు, 1966 ప్రాంతమున, టిమతీ లియరీ యను మనశ్శాస్త్రజ్ఞుడు సంఘపు కట్టుబాట్లను విడిచి బయటికి రండని యువకులను పిలుచుచు నీ మాటనే తన నినాదమున చేర్చుకొనెను. వారు విడువగలవారు; మరల రాగలవారు; విడిచినందుకు కీర్తియు పొందిరి. ఆ వాక్యములలో కర్త నిజముగ కర్తయే. పదుమూడేండ్ల బాలిక తాండూరు సీమలోని యొక పల్లెలో ఏ క్రియయందు స్వతంత్ర? మేలుకొనుటయందును గాదు, నిద్రించుటయందును గాదు. ఆ యమెరికా యువకునికిని ఈ బాలికకును ఒక్క పదమునే వాడితిమి.

ఆ ఆదివారము వాని వెంట వారి పల్లెకు పోయితిని. త్రోవపొడవున కందిచేలు పండి గోధుమవన్నెకు తిరిగియున్నవి. తాండూరు కందిపప్పునకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చదువరు లెరుగుదురు. ఆ పంట ఇంటికి వచ్చు దినములలోనే మా తరగతులు పలుచబడు నని పప్పు కొనువా రెరుగరు. అచ్చటచ్చట పత్తి చేలలో చివరి యేరుడు జరుగుచున్నది. చేలలో వంగిన తలలలో చిన్నతలలు కొన్ని కలవు. నేను చూడనట్లు నడచితిని. ఆదివార మని మనస్సునకు చెప్పుకొంటిని.

ఆ పిల్ల వాకిట నాపరాతి యరుగుమీద కూర్చుండి చేటతో కందులు చెరుగుచుండెను. పెరిగినది. ప్రక్కన మూడేండ్లకు పైబడిన పసివాడు మట్టితో నాడుకొనుచుండెను. వానిని చూడగనే నాకు సగము తెలిసిపోయెను. ఆమెయే ముందుగ "మంచిగున్నరా సారూ" అని లేచి నిలిచినది. తల్లి లోపలినుండి చెంబుతో నీళ్ళు తెచ్చి, "కూసోండ్రి సారూ" అని పీట వేసెను.

"ఎందుకు మానినవు బిడ్డా?" అని యడిగితిని. మూడేండ్ల క్రిందట అడుగవలసిన ప్రశ్న.

"నేను మానలే సారూ. మాన్పించిన్రు."

"ఎవరు?"

చేటలోని రాళ్ళేరుచు కొంతసేపు పలుకలేదు. తరువాత, "అమ్మ కూలికి వోతుండె. తమ్ముడు పాలు తాగే పోరడు. నాయిన ఇంటికాడ ఉండుమన్నడు. గంతే" అనెను. మరికొంత సేపటికి తల యెత్తకయే, "మీరు గూడ అంటిరి గద సారూ. వారంల రెండు దినాలు వచ్చేదానివి, వచ్చినా రాకున్నా ఒకటే అని."

తల్లి నొచ్చుకొని, "పోరి గట్లనే అంటది, మీరు చాయ్ తాగుండ్రి" అనెను.

నేనట్లన్న జ్ఞాపకము నాకు లేదు. అనలేదని చెప్పుటకును ధైర్యము చాలలేదు. అట్టిమాటలు తరగతిలో నేననేకులతో ననుచుందును. ఎవరితో ననలేదో చెప్పుట కష్టము. ఆమె యొక్కతెతో నన్నది గనుక ఆమెకు జ్ఞాపకము.

మధ్యాహ్నమునకు తండ్రి వచ్చెను. తాండూరులో బండలు నునుపుచేయు కార్ఖానాలో పని. కనుబొమలమీదను చెవులమీదను తెల్లని రాతిపొడి. మర్యాదస్తుడు. నేను కూర్చున్నంతసేపు తాను కూర్చుండలేదు. చదువు మాట యెత్తినపుడు, "దాని తలరాత సారూ. రాసి వెట్టి లేదు" అనెను. వ్రాసినవా డెవడో చెప్పని వాక్య మిది రెండవది. నేను పట్టీలో ఎర్రసిరాతో వ్రాసినదానికిని, అతడు నుదురు చూపి చెప్పినదానికిని వ్యాకరణ మొక్కటే. అతడు పెద్ద చదువు చదువలేదు, నేను చదివితిని, అంతియే భేదము.

పిల్ల మాత్రము వ్యాకరణము తప్పలేదు. మాను అను క్రియ తనంత తాను చేయుపని. మాన్పు, మాన్పించు అనునవి యొకరు మరియొకరిచేత చేయించు పనులు. దీనిని ప్రేరణ మందురు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణమున విధించిన ఈ రూపములను మేము పిల్లలచేత వల్లె వేయింతుము. పాణినియు కర్తను నిర్వచించిన మరుసటి సూత్రముననే, ఆ కర్తను పురికొల్పువానికి హేతువని పేరుపెట్టి, వానినిగూడ కర్తయే యనెను. ఇంకను చూడుడు. ఆంగ్లమున షీ వాజ్ టేకెన్ అవుట్ అని కర్మణిగ చెప్పినచో తీసినవాడు మరల తెరచాటునకు పోవును. తెలుగున మాన్పించిన్రు అన్నచో కర్త పేరు లేకున్నను క్రియ తోకలోనే వా డున్నాడు; ఒక్కడు గాదు, అనేకులు. నేను తిరుగుదారిలో ఆ బహువచనమును లెక్కించితిని. తల్లిదండ్రులు ఇద్దరు. పసిపిల్లవానిని చూచువారు లేనిదే తల్లిని కూలికి పోనీయని పేదరికము. పల్లెకును ఉన్నత పాఠశాలకును నడుమనున్న మూడుమైళ్ళు. ఏడవ తరగతి వరకు ఊరిలోనే చదివిన ఆడపిల్ల ఎనిమిదవ తరగతికి ఆ దారి నడువవలెను. పట్టీ దాచుకొన్న పాఠశాల. వచ్చినను రాకున్నను ఒకటే యన్న ఉపాధ్యాయుడు.

బడి మానుట యనుటకు మొదట బడి యుండవలెను గదా యని కొంద రనవచ్చును. ఆ పిల్ల అమ్మమ్మకు మాన్పించుటకును బడి లేదు. నిజామురాజ్యమున పాఠశాలల భాష ఉర్దూగా నున్న కాలమున, 1928లో హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు పంతులుగారు బాలికలకు తెలుగు పాఠశాల పెట్టుటయే సాహసకార్యము. ఇప్పుడు ప్రతి మండలమున ఉన్నత పాఠశాలలున్నవి, భోజన మున్నది, పుస్తకములు ఉచితము. ఇన్ని యుండియు జరిగిన దానిని రాలిపోయినదనుట వలన, ఉన్నవన్నియు తమ పని తాము చేసినట్లును, పిల్లకే నిలుచు శక్తి లేనట్లును తోచును.

ఈ మాటను ఒప్పుకొననివారు మా ప్రాంతముననే పనిచేసిరి. వికారాబాదు జిల్లా 2016 అక్టోబరులో వేరుపడక పూర్వము రంగారెడ్డి జిల్లాలోనిది. చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో నెలకొన్న సంస్థ, వారి మనుమరాలు శాంతాసిన్హాగారి నాయకత్వమున 1991 నుండి ఆ రంగారెడ్డి జిల్లా పల్లెలలో పిల్లలను పనినుండి బడికి తెచ్చు కార్యమును చేపట్టెను. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము లభించెను. వారి సిద్ధాంతము చాల కఠినమైనది. బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలో నున్న బిడ్డయే. తమ్ముని చంక వేసికొనుటయు పనియే, కందులు చెరుగుటయు పనియే. రాత్రిబడితో సరిపెట్టరాదు, పగటి బడికే రావలెను. లేమిని కారణముగ చెప్పి పిల్లపనిని సమర్థింపరాదు. వయస్సు మీరిన పిల్లలకు శిబిరములు నడిపి, కొన్నినెలలు చదువు చెప్పి, ఈడునకు తగిన తరగతిలో కూర్చుండబెట్టిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము, 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది, ఈ పద్ధతినే శాసనముగ చేసినది: ఆరునుండి పదునాలుగేండ్ల లోపు బిడ్డ బడి బయట నున్నచో ఈడునకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన పాఠమునకు ప్రత్యేక శిక్షణ మీయవలెను.

లేమిని ఒప్పుకొనని ఈ వాదమును నేను చాలకాలము మొండివాద మనుకొంటిని. పొయ్యిలో పిల్లి లేవని యిండ్లను కన్నులార చూచినవారెవ్వరును అట్లు మాటాడలేరని నా తలంపు. ఇప్పుడును ఆ యింటి తల్లిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అయినను ఆ సిద్ధాంతమునందలి లెక్క నాకు నచ్చినది. అందు రెండే గదులు కలవు, బడి, పని. రాలిన పిల్లలను పోయుటకు మూడవ గది లేదు. ఆమె బడికి దూరమైన నాడు పదుమూడేండ్లది. చట్ట మామె పక్షమున నుండెను. చట్టమును పలుకవలసిన నోరు నాది. ఆ నోటితో నేనేమంటినో ఆమె చెప్పినది.

నేటి పద్ధతిలో పట్టీలతో పని తక్కువ. పిల్లల పేర్లన్నియు యూడైస్ అను కేంద్రప్రభుత్వపు లెక్కలలో కంప్యూటరునందుండును. ఒక బడి విడిచి మరియొకదానిలో చేరని పిల్లల పేర్లు చేరు చోటునకు అచట డ్రాప్ బాక్సు అనియే పేరు. తపాలాపెట్టెలో ఉత్తరము పడినట్లు పేరు దానిలో పడును. మరియొక బడివారు వచ్చి తీసికొనువరకు అందే యుండును. పేరుపెట్టినవారు ఆలోచించి పెట్టిరో, తొందరలో పెట్టిరో గాని, ఇంత నిజమైన పేరు సర్కారు కాగితములలో అరుదు.

ఆనాడు వారి యింట మరియొక మాట బయటపడెను. ఇక్కడ ఈ క్రియ సరిగనే పడినది. బషీరాబాదు దిక్కున నొక సంబంధము చూచుచున్నారట. పిల్లకు పదునారు. 2006 చట్టము ప్రకారము పదునెనిమిది నిండక పెండ్లి చేయరాదని చెప్పితిని. "ఇప్పుడే చేస్తమా సారూ, మాట అనుకొని ఉంచుడే" అని తండ్రి నవ్వెను. పిల్ల చేట తీసికొని లోపలికి పోయెను. నేనపుడు ఓపెన్ స్కూలు సంగతి చెప్పితిని. పదునాలుగేండ్లు నిండినవారు దాని ద్వారా నేరుగ పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. పగటి బడికి బదులు ఇది చాలదని మీదిసిద్ధాంతమువా రందురు. పదునారేండ్ల పిల్లను ఎనిమిదవ తరగతిలో ఏ దారిన కూర్చుండబెట్టుదునో నాకు తోచలేదు. "ఇంగ్లీషు రాదు సారూ" అని లోపలినుండి వినబడెను. అనగా వినుచున్నది. తండ్రి, "కంది కోతలు అయినంక చూద్దం" అనెను.

సోమవారము తరగతిలో మరల ఆ పాఠమునే తీసితిని. బయటపడుట యను తెనిగింపునకు నవ్విన పిల్లలకు, ఆ నవ్వులో నేనును పాలుగొంటినని చెప్పి, టేక్ అవుట్ అను సకర్మక క్రియతో ఆ వాక్యమును తిరిగి వ్రాయుడంటిని. సర్వనామము నడుమ నుండవలెనన్న నియమము జ్ఞాపకము చేసితిని. చాలమంది దే టుక్ హర్ అవుట్ ఆఫ్ స్కూల్ అని వ్రాసిరి. నలుగురు హర్ అను మాటను చివర పెట్టి మార్కులు పోగొట్టుకొనిరి. ఆ బాలుడు వుయ్ టుక్ హర్ అవుట్ ఆఫ్ స్కూల్ అని వ్రాసెను. నేను దే అని చెప్పించిన వాక్యమున వాడు వుయ్ అని యెందుకు మార్చెనో అడుగలేదు. సరియని గుర్తు పెట్టి పుస్తక మిచ్చివేసితిని. పాత పట్టీని గూడ తీసి నా ఎర్రసిరా మాటలను కొట్టివేసి, మాన్పించితిమి అని వ్రాసి క్రింద చేవ్రాలు చేసితిని. దస్త్రములలో తెలుగు క్రియ వ్రాయుట తగదని పెద్దసారు అనిరి. కొట్టివేతకు తేదీ వేయలేదని కూడ అనిరి. తేదీ వేసితిని.

కోతలు అయినవి. ఫిబ్రవరిలో రెండుమార్లు ఆ పల్లెకు పోయితిని. మొదటిసారి తండ్రి యింట లేడు. రెండవసారి ఫారము నందుకొని, చేతిపొడి అంటకుండ అంచున పట్టుకొని, నాలుగు మడతలు మడిచి జేబులో పెట్టుకొనెను. సంబంధపువా రింకను ఏమియు చెప్పలేదట. దరఖాస్తునకు ఆమె ఛాయాచిత్రము కావలెను. తల్లికి కూలిలేని దినమున ఇద్దరును తాండూరు వచ్చి తీయించుకొందురట. పసివానిని ఆ దినమునకు ఎవరు చూతురని తల్లి అడిగినది. బడిలో నా గదిలో కూర్చుండబెట్టుదునని చెప్పి వచ్చితిని.